చిల్లర

కమ్మనహళ్ళి మెయిన్ రోడ్డు, మందుల షాపు పైన
మూడు బల్లలు పట్టే నా ఫిజియోథెరపీ గదికి
మంగళవారం, శుక్రవారం ఆమె వస్తుంది.
రిజిస్టరులో తనే రాసుకుంది:
జిఫా అగ్బెకో. వయసు నలభై నాలుగు.
వృత్తి అన్న గడిలో మొదట ఏదో రాసి, కొట్టేసి
స్కూల్లో పీటీ టీచర్ అని రాసింది.
కొట్టేసిన గీత కింద పాత మాట
ఇంకా కదులుతున్నట్టే ఉంది.

బోర్లా పడుకోమన్నాను.
తొడ వెనక కండరం మీద బొటనవేలు పెట్టానో లేదో
గట్టిగా ఏదో తగిలింది.
పాత గోడలో ఇటుకలతో పూడ్చేసిన కిటికీ,
తడిమితే తెలుస్తుంది
ఇక్కడ ఒకప్పుడు గాలి ఆడేదని.

"ఇదెప్పటిది?"
"రెండువేల ఆరు," అంది, ఊరి పేరు చెప్పినట్టు.
నాలుగంగుళాలు కిందికి జరిగాను.
"అది రెండువేల పది. అక్కడ... స్వల్ప, స్వల్ప."
ఈ ఊళ్ళో ఆమె నేర్చిన మొదటి కన్నడ మాట.
హిందూపురం నుంచి దిగిన కొత్తలో నాదీ అదే.
మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే,
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తుంది.

అలా మంగళవారానికి కొంత, శుక్రవారానికి కొంత
ఆమె పరుగు నా చేతికొచ్చింది.

లోమేలో సముద్రం పక్క రోడ్డు.
పదేళ్ళ పిల్ల, నెత్తిన బేసిన్లో నీళ్ళ ప్యాకెట్లు.
వ్యాను ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది అంతే.
కిటికీలోంచి నోటు వస్తుంది, ప్యాకెట్టు పోతుంది,
చిల్లర పిల్ల గుప్పిట్లోనే ఉండిపోతుంది.
మిగతా పిల్లలు నవ్వి, కొంగున ముడేసుకునేవాళ్ళు.
ఈమె బేసిను దించి పరుగెత్తేది.
"నిజాయితీ అనుకోకు," అంది తలగడలోకి,
"అందుకోగలనా లేదా అని."
ఒకసారి ఒకాయన చిల్లర తీసుకుని
నాణేలు చూడలేదు, చేతి గడియారం చూసుకున్నాడు.

తర్వాత పన్నెండేళ్ళు.
పోటీల్లో పరుగెత్తిన కాలమంతా కూర్చుని కూడిందట,
ముప్పై ఎనిమిది నిమిషాలు.
గ్రైండర్లో ఇడ్లీ పిండైనా అంతలో నలగదు.
లోకమంతా చూసే మైదానంలో దిగింది ఒక్కసారే.
పదకొండు సెకన్ల అరవై రెండు. ఏడో స్థానం.
ఎనిమిదో ఆమె కాలు పట్టేసి మధ్యలో కూలబడిందట.
"అంటే నేనే ఆఖరు," అని నవ్వింది.
ఆ నవ్వుకి కండరం కదిలి నా వేలు జారింది.

రిలే గురించి నాలుగు వారాలు చెప్పలేదు.
ఒకరోజు కాపడం సంచి అందిస్తుంటే
చూడకుండా చెయ్యి వెనక్కి చాపింది,
అరచెయ్యి పైకి, బొటనవేలు విడిగా.
పెట్టాను. పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.
"అకూవీ సరిగ్గానే పెట్టింది. నేనే ముందు కదిలాను."
ఇద్దరిదీ ఒకే వీధి.
అకూవీ తన పెళ్ళికి పిలవలేదు.

హెణ్ణూరు బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంటుంది,
జనం కమ్మీ పట్టుకుని వేలాడుతున్నా సరే.
ఏమీ అనిపించదా అని అడిగాను.
"పక్క లేను ఖాళీ అయితే," అంది,
"మన వేగం మనకు తెలియదు."

నిన్న ఫోనులో డబ్బు వెళ్ళలేదు.
ఐదొందల నోటు ఇచ్చింది. ఫీజు నాలుగొందల అరవై.
నేను సొరుగు వెతికేలోపు
బస్సంటూ మెట్లు దిగిపోయింది.
నలభై రూపాయలు.
నాకు యాభై ఒకటి, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు,
మోకాళ్ళు పేషంట్లకి చెప్పుకోలేనివి.
పరుగెత్తాను.
సపోటాల బండి, అడ్డంగా ఆగిన స్కూటరు,
ఎవడో "అమ్మా!" అని అరిచిన ఆటో.

ఆమె చూసింది. ఆగమనలేదు, ఎదురూ రాలేదు.
బస్టాపులో నిలబడి
ఓసారి చేతి గడియారం వైపు వంగింది.

రొప్పుతూ నోట్లు అరచేతిలో పెట్టాను.
లెక్క చూసుకోలేదు.
"ఎడమ చెయ్యి అడ్డంగా పోతోంది," అంది.
"మంగళవారం చూద్దాం."